గ.సా.గు అని చెప్పి క.సా.గు చేశాను. నేను లెక్కల టీచర్‌గా పనికొస్తానా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఏడో తరగతి వరకు ఏరు దాటి పాతపట్నంలో తెలుగు మీడియంలో చదివాను. నాన్నగారి పని మారాక ఎనిమిది నుంచి ఇక్కడే ఒడియా మీడియం. తర్వాత ప్లస్ టూ, బీఎస్సీ మ్యాథ్స్ ఆనర్స్. ఇప్పుడు బీఈడీ మొదటి సంవత్సరం, గణితం మెథడ్. చిన్నప్పటి నుంచీ నాకు లెక్కల టీచర్ అవ్వాలనే ఉంది. బ్యాంకు పరీక్షలు రాయమని ఇంట్లో ఎంత పోరినా వినలేదు.

కాలేజీలో మైక్రోటీచింగ్ బాగానే నడిచింది. ఆరు నిమిషాల పాఠం, ఎదురుగా కూర్చునేది తోటి ట్రైనీలే. ఒక రోజు ప్రశ్నలు అడగడం, ఒక రోజు బోర్డు వాడటం, ఇంకో రోజు ఉదాహరణలతో వివరించడం. అయ్యాక లోపాలు చెప్పేవారు, సరిచేసుకొని మళ్లీ చెప్పేదాన్ని. మార్కులు కూడా మంచివే వచ్చాయి.

తర్వాత మొదటి విడత ఇంటర్న్‌షిప్ అని నాలుగు వారాలకి బడికి పంపారు. ఒడియా మీడియం బడి. రెండో వారంలో నాకు ఆరో తరగతి ఇచ్చారు. పాఠం గ.సా.గు, ల.సా.గు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఒడియాలో గ.సా.గు అంటే గరిష్ఠ సాధారణ గుణనీయకం, అంటే మన గ.సా.భా (గరిష్ఠ సామాన్య భాజకం). మన క.సా.గుని (కనిష్ఠ సామాన్య గుణిజం) వాళ్లు ల.సా.గు, అంటే లఘిష్ఠ సాధారణ గుణితకం అంటారు. ఇది నాకు తెలియక కాదు. ముందు రోజు రాత్రి లెసన్ ప్లాన్‌లో రెండూ శుభ్రంగా రాసుకున్నాను. కానీ బోర్డు ముందు నిలబడేసరికి చెవికి గ.సా.గు కాస్తా క.సా.గు లాగే వినిపించింది. నోటితో గ.సా.గు అంటూనే చేత్తో చిన్నప్పుడు పాతపట్నంలో నేర్చుకున్న క.సా.గు చేసుకుంటూ పోయాను. 12, 18లకి గ.సా.గు కనుక్కోండి అని చెప్పి, బోర్డు మీద జవాబు 36 వేశాను.

రెండో బెంచీలో ఒక పాప లేచి, "దిదీ, 6" అంది. "కాదు, కూర్చో, మళ్లీ చెయ్యి" అన్నాను. పాప కూర్చుని, నోట్సులో తను వేసుకున్న 6 కొట్టేసి 36 రాసుకుంది. నేను చూస్తూనే ఉన్నాను.

పరిశీలనకి వచ్చిన మా లెక్చరర్ వెనక బెంచీలో ఉన్నారు. పీరియడ్ అయ్యాక నా రికార్డులో "విషయ పరిజ్ఞానం తక్కువ" అని రాశారు. ఎలా జరిగిందో చెప్పబోతే వినలేదు. ఆనర్స్‌లో రింగులు, గ్రూపులు చదివి వచ్చినదాన్ని, ఆరో తరగతి లెక్క రాదని రాయించుకున్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

నేను అడగాలనుకున్నవి ఇవి. ఇది నిజంగా సబ్జెక్టు లోపమేనా? ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్నవాళ్లు లెక్కలు చెప్పడానికి ఎలా తయారవ్వాలి? వచ్చే ఏడాది 16 వారాల ఇంటర్న్‌షిప్ ఉంది. కొండ మీద సవర పిల్లల బడికి వెళ్లే అవకాశం ఉందంటున్నారు. వెళ్లాలా, టౌన్‌లోనే అడగాలా? లేకపోతే ఇవన్నీ వదిలేసి ఆంధ్రా డీఎస్సీకి ప్రిపేర్ అవ్వడం మేలా? చాలా టెన్షన్‌గా ఉంది.

బరంపురం అక్క

చెల్లీ, ముందు డీఎస్సీ సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే మా ఇంట్లో ఈ చర్చ రెండేళ్లు నడిచింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు అనగానే మన వైపు చాలామందికి ఆశ పుట్టింది. కానీ అందులో 80 శాతం పోస్టులు స్థానికులకే కేటాయించారు. నువ్వు పదో తరగతి ఒడిశాలో రాశావు కాబట్టి స్థానికురాలి కింద రావడం కష్టం. మిగతా ఓపెన్ పోస్టుల్లో అందరితో పోటీ పడాలి. రాయొద్దని కాదు, దాని కోసం బీఈడీ పాడుచేసుకోవద్దంటున్నాను. అయినా స్కూల్ అసిస్టెంట్‌కి కూడా బీఈడీ కావాల్సిందే.

ఒడిశాలో హైస్కూల్ టీచర్ అవ్వాలంటే ఓఎస్‌ఎస్‌టెట్ అనే అర్హత పరీక్ష పాసవ్వాలి. 150 మార్కులు, జనరల్ వాళ్లకి 60 శాతం రావాలి. ఒడియా సంగతి కూడా చూస్తారు. పదో తరగతిలో ఒడియా ఒక భాషగానో మీడియంగానో ఉండాలి, లేకపోతే ఏడో తరగతి స్థాయి ఒడియా పరీక్ష విడిగా పాసవ్వాలి. నీకు ఆ ఇబ్బంది లేదు. నాకు ఉండేది, ఎందుకంటే నేను పది దాకా ఇచ్ఛాపురంలో తెలుగు మీడియం.

ఇంకొకటి ఇప్పుడే తెలుసుకో. ఆంధ్రాలో లెక్కలకి ఒక టీచర్, ఫిజికల్ సైన్స్‌కి ఒక టీచర్. మన ఒడిశాలో టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) పీసీఎం అని ఒకే పోస్టు. లెక్కలతోపాటు ఫిజిక్స్, కెమిస్ట్రీ కూడా నువ్వే చెప్పాలి. డిగ్రీలో ఈ మూడింట్లో రెండైనా ఉండాలి. నీ ఆనర్స్ పక్కన ఫిజిక్స్ ఉందో లేదో మార్కుల లిస్టు తీసి చూసుకో.

రికార్డులో రాసిన మాట గురించి బెంగ పెట్టుకోకు. మా బ్యాచ్‌లో రికార్డులో ఎర్ర గీత పడనివాళ్లు ఎవరూ లేరు. పాఠం సంగతి మాస్టర్లు చెబుతారు.

గోసాని మాస్టారు

అమ్మా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను 1990లో చేరి, 31 ఏళ్లు హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నేను చేరేనాటికి మన జిల్లా ఇంకా గంజాంలోనే ఉండేది.

ముందు ఒక్కటి అడుగుతాను. ఆ పాప 6 అని చెప్పింది కదా, అది సరైన జవాబని ఆ పాపకి ఎవరైనా చెప్పారా? రికార్డులో రాసిన మాట నీకు కష్టం కలిగించింది, కాదనను. కానీ ఆ పాప నోట్సులో ఇప్పటికీ 36 ఉంది. సరిగ్గా చేసిన లెక్క టీచరు చెప్పారని కొట్టేసుకుంది. అది అలాగే వదిలేస్తే, రేపు తనకి తెలిసినా లేచి చెప్పదు. నాలుగు వారాలు అయిపోయినా సరే, ఆ బడికి ఒకసారి వెళ్లు. హెడ్మాస్టరుని అడిగి పది నిమిషాలు తీసుకో. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇప్పుడు నీ ప్రశ్న. అది విషయ పరిజ్ఞానం లోపం కాదు. అలాగని "భాష పొరపాటే కదా" అని పక్కన పెట్టేయకు. నీకు తెలిసిన లెక్క ఆ పిల్లల భాషలో బయటికి రాకపోతే, ఆ గదిలో అది లేనట్టే. మీకు బీఈడీలో "లాంగ్వేజ్ అక్రాస్ ద కరిక్యులమ్" అని ఒక పేపర్ ఉంటుంది. భాషా టీచర్ల పేపర్ అనుకొని లెక్కలవాళ్లు దాన్ని గైడు చూసి గట్టెక్కుతారు. మన సరిహద్దు జిల్లాల్లో అందరికన్నా ఎక్కువ చదవాల్సింది లెక్కలవాళ్లే.

ఒక నోటుబుక్కు తీసుకో. ఎడమ పక్క తెలుగు మాట, కుడి పక్క ఒడియా మాట రాయి. వైశాల్యానికి క్షేత్రఫళ, చతురస్రానికి బర్గక్షేత్ర, ప్రధాన సంఖ్యకి మౌలిక సంఖ్యా. ఇవి పూర్తిగా వేరుగా ఉంటాయి కాబట్టి తడబడినా వెంటనే తెలుస్తుంది. లవం, హారం, త్రిభుజం, వృత్తం, సమీకరణం రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే, వాటితో చిక్కే లేదు. నిన్ను పట్టుకునేవి సగం కలిసి సగం విడిపోయే గ.సా.గు లాంటివి. వాటి కింద ఎర్ర గీత పెట్టుకో. పాఠం రోజున పొడి అక్షరాలు వాడకు, బోర్డు మీద పూర్తి పేరు రాయించు. గుణనీయకం అంటే భాగించేది, గుణితకం అంటే ఎక్కంలో వచ్చేది. ఇది పిల్లల చేతే చెప్పించు. మీ పాతపట్నం క.సా.గుకీ అదే మందు.

సంఖ్యల పేర్లలో కూడా ఈ చిక్కు ఉంది. మనం ఇరవై ఒకటి అంటాం, పదులు ముందు. ఒడియాలో ఏకోఇశి, ఒకట్లు ముందు. పూరీ గుడి మెట్లని బాఇశి పాహాచ అంటారు చూడు, బాఇశి అంటే 22. అక్కడ రెండూ రెండే కాబట్టి పర్వాలేదు, 35 దగ్గరికి వచ్చేసరికి తెలుగింటి పిల్లాడు విన్నది విన్నట్టు రాసి 53 చేస్తాడు. దానికి తోడు ఒడియా అంకెల్లో 4 మన 8 లాగా కనిపిస్తుంది. నా మొదటి ఏడాది ఒక పిల్లాడి కూడికలన్నీ తప్పని సున్నాలు చుట్టాను. వాడి అన్న వచ్చి చూపించాడు, వాడు రాసినవన్నీ ఒడియా నాలుగులు. ఆ పేపర్ మళ్లీ దిద్దితే ఒక్కటి తప్ప అన్నీ సరైనవే. ఆ అబ్బాయి మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

అప్పటి నుంచి ఇంకో నోటుబుక్కు మొదలుపెట్టాను. అందులో పిల్లల తప్పు జవాబులు మాత్రమే రాసేవాణ్ణి. పేరు రాయను. తేదీ, లెక్క, పిల్లాడు వేసిన జవాబు, ఎలా వేశావని అడిగితే చెప్పిన మాట. 1/2కి 1/3 కలిపితే 2/5 అని ఏటా వచ్చేది. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపాడు. మొద్దుతనం కాదు, కూడిక అంటే తనకి తెలిసినదాన్నే రెండు అంతస్తుల్లో చేశాడు. అది అర్థమైతే ఏం చెయ్యాలో తోస్తుంది. సగం రొట్టెకి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా అని అడిగితే చాలు, ఎందుకంటే 2/5 సగం కన్నా తక్కువ. మీ మైక్రోటీచింగ్‌లో ఇది దొరకదు. 1960ల్లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన పద్ధతి అది, ఒక్కో నైపుణ్యాన్ని విడదీసి సాన పట్టడానికి మంచిదే. కానీ తోటి ట్రైనీలు పిల్లల్లా తప్పు చెయ్యలేరు, నటిస్తారు అంతే.

మా రోజుల్లో బీఈడీ ఒక్క ఏడాదే. 2015 నుంచి రెండేళ్లు చేశారు. అందులో అసలు లాభం ఆ 16 వారాలే. వాటిని రికార్డులు నింపడానికి ఖర్చు పెట్టకు.

ఒక పాఠం చెబుతాను, వీలైతే ఏడో తరగతిలో చేసి చూడు. భిన్నాల భాగహారం. అందరూ "రెండోదాన్ని తలకిందులు చేసి గుణించు" అని చెప్పేస్తారు. పిల్లలు చేస్తారు కూడా. కానీ 3ని 1/2తో భాగిస్తే 6 రాగానే, "భాగిస్తే తగ్గాలి కదా, పెరిగిందేంటి?" అని ఒక్కరైనా అడుగుతారు. అడిగినవాడే ఆలోచిస్తున్నవాడు. మీ అమ్మమ్మల ఇంట్లో తవ్వ, సోల, గిద్ద ఉంటే పట్టుకెళ్లు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. మూడు తవ్వల బియ్యం పోసి, ఎన్ని సోలలో కొలవమను. ఆరు వస్తాయి, ఎందుకంటే సోల అంటే అర తవ్వ. బియ్యం పెరగలేదు, కొలత చిన్నదైంది. అది వాళ్లు చేత్తో చూడాలి.

తర్వాత అసలు లెక్క ఇవ్వు. ముప్పావు తవ్వలో ఎన్ని సోలలు? అంటే 3/4ని 1/2తో భాగించడం. పిల్లలు కాసేపు తికమక పడతారు. తొందరపడి చెప్పేయకు. ఎవరో ఒకరు గిద్ద అందుకుంటారు. ముప్పావు తవ్వ అంటే 6 గిద్దలు, సోల అంటే 4 గిద్దలు. 6లో 4 ఎన్నిసార్లు? ఒకటిన్నర. రెండింటినీ ఒకే చిన్న కొలతలోకి మార్చారు చూడు, హారాలు సమానం చెయ్యడమంటే అదే. తలకిందులు చేసే సూత్రం ఆ తర్వాత చెప్పినా నష్టం లేదు, అప్పటికి దాని వెనక ఏముందో వాళ్ల చేతికి తెలుసు.

మహేంద్రతనయ

మాస్టారూ, చదువుతూ ఏడ్చేశాను. ఆ పాప గురించి నేను ఆలోచించనే లేదు. శనివారం వెళతాను. సవర పిల్లల బడి సంగతి కూడా చెప్పండి. నాకు వాళ్ల భాష ఒక్క ముక్క రాదు, అదే భయం.

గోసాని మాస్టారు

వెళ్లమ్మా. నేను గుమ్మ వైపు ఒక హాస్టల్ బడిలో నాలుగేళ్లు చేశాను. వాళ్ల లెక్కింపు మనలా పదుల మీద నడవదు. పన్నెండు ఒక కట్ట, ఇరవై ఒక కట్ట. 13 అంటే పన్నెండూ ఒకటి. 33 అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఈ సంగతి తెలియని టీచరు 33 రాయమంటాడు, పిల్లాడు మనసులో మూడు ముక్కలు పెట్టుకొని ఆగిపోతాడు, టీచరు "వీడికి రాదు" అనుకుంటాడు. నిజానికి ఆ పిల్లాడికి స్థానవిలువ చెప్పడం తేలిక. సంఖ్యని కట్టలుగా విడదీయడం వాడికి ఇంట్లోనే వచ్చు, కట్ట మారిందని చెబితే చాలు. చింతగింజలు పోసి, మీ ఇంట్లో ఎలా లెక్కపెడతారో చెప్పమను. మొదటి వారం నువ్వే నేర్చుకో.

మన పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా పనిచేస్తూ సవర నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి బడులు పెట్టారు, వ్యాకరణం రాశారు. తెలుగుకి ఆయన చేసినది అందరూ చెబుతారు. మన ఊళ్లో ట్రైనింగ్ అయ్యేవాళ్లు ఈ పని కూడా గుర్తు పెట్టుకోవాలి.

సిరొంచ నుంచి

గోదావరికి ఇవతల మాది, అవతల కాళేశ్వరం. గడ్చిరోలి జిల్లా, మరాఠీ మీడియం బడి, ఇళ్లలో తెలుగు, కొన్ని ఇళ్లలో మాడియా గోండుల భాష. మాకు క.సా.గు అంటే ల.సా.వి, గ.సా.భా అంటే మ.సా.వి. అవతలి ఒడ్డున చదివొచ్చిన పిల్లలు క.సా.గు అంటారు. మాస్టారు చెప్పిన ఒకట్లు ముందు గొడవ మాకూ ఉంది, 21ని ఏక్‌వీస్ అంటాం కదా. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి పుస్తకంలో వీస్ ఏక్ అని పదులు ముందు పెట్టి చదివే పద్ధతి తెచ్చారు. రాష్ట్రమంతా పెద్ద వాదం నడిచింది. భాష పాడైపోతుందని చాలామంది కోప్పడ్డారు. మా తెలుగు పిల్లలకి మాత్రం అది ఇంట్లో మాటలాగే ఉండి, చటుక్కున అందింది. నేను రెండు పేర్లూ చెప్పిస్తాను.

మా తమ్ముడు ప్లస్ టూలో ఉన్నాడు, లెక్కల టీచరే అవుతానంటున్నాడు. వాడిలాంటివాళ్లు ఎవరైనా చదువుతుంటే, డిగ్రీ అయ్యాక బీఈడీ అనే కాకుండా నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు కూడా చూడండి. ఎన్‌సీఈటీ అని ప్రవేశ పరీక్ష, తెలుగులో కూడా రాయొచ్చు. ఒడిశావాళ్లకి భువనేశ్వర్‌లో రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఉండనే ఉంది.

మహేంద్రతనయ

శనివారం వెళ్లొచ్చాను. హెడ్మాస్టరు గారు ఆఖరి పీరియడ్ ఇచ్చారు.

బోర్డు మీద మళ్లీ 12, 18 రాశాను. ఆ రోజు నేను అడిగింది ఒకటి, చేసింది ఇంకొకటి, 6 అన్నదే సరైన జవాబు అని చెప్పి, పాపని లేపి క్లాసంతటి ముందు క్షమించమని అడిగాను. పాప తల దించుకుంది, ఏం మాట్లాడలేదు. మరి 36 ఏమిటని అడిగితే నలుగురు ఒకేసారి ల.సా.గు అన్నారు. 6ని 36తో గుణించమన్నాను, 12ని 18తో గుణించమన్నాను. రెండూ 216. వెనక బెంచీ అబ్బాయిలు ఇది ఇంకే సంఖ్యలకైనా వస్తుందా అని వాళ్లంతట వాళ్లే 8, 20 వేసి చూశారు. 4, 40. మళ్లీ 160, 160. గంట కొట్టినా లేవలేదు.

బయటికి వస్తూ పాప నోట్సు చూశాను. కొట్టేసిన 6 చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీత గీసుకుంది. 36ని కొట్టెయ్యలేదు, పక్కన చిన్న అక్షరాలతో ల.సా.గు అని రాసుకుంది.

మాస్టారూ, సోమవారం నుంచి రెండు రోజులు అదే బడిలో ఏడో తరగతికి రమ్మన్నారు. అమ్మమ్మ దగ్గర ఇత్తడి సోల, గిద్ద దొరికాయి. తవ్వ లేదు. బియ్యం బదులు ఇసుక వాడొచ్చా?

గోసాని మాస్టారు

ఇసుక వద్దమ్మా, తడిగా ఉంటే గిద్దలో సరిగ్గా నిండదు, లెక్క తేడా వస్తుంది. మధ్యాహ్న భోజనం వండేవాళ్లని అడిగి బియ్యం తీసుకో, కింద గుడ్డ పరిచి కొలిపించు, అయ్యాక కొలిచి తిరిగి ఇచ్చెయ్యి. తవ్వ లేకపోతే ఏదైనా డబ్బాలో రెండు సోలలు పోసి గీత పెట్టు. ఆ గీత మాత్రం పిల్లల చేతే పెట్టించు.